మధ్యాహ్నం పడవకు అందని కబురు

నా పేరు మోకా నాంచారమ్మ. వయసు డెబ్బై మూడు. ఉండేది నీళ్ల మధ్య కట్టిన దిమ్మెల్లో నాలుగోది, తూర్పు వరసలో చివరి గది. ఇంట్లో ఇద్దరం, నేనూ నా తోడికోడలు పేరంటాలూ. మా మొగుళ్లు అన్నదమ్ములు, ఇద్దరూ పోయారు. పేరంటాలుకి చూపు పోయి తొమ్మిదేళ్లు, నాకు కీళ్ల జబ్బు వచ్చి పదకొండేళ్లు. ఆమె చేతులూ నా కళ్లూ కలిపి ఒక మనిషిగా బతుకుతున్నాం.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రాస్తున్నది మా దిమ్మె హాజరు రాసే ఓడుగు ధనుంజయ. చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను, అందంగా రాయొద్దన్నాను. ఏ రోజు సంగతి ఆ రోజే చెప్పి, కింద ఆ రోజే వేలిముద్ర వెయ్యాలని అతని షరతు. తర్వాత కూర్చుని అల్లిన కథ అని, ఎవరికి మందు ఇవ్వాలో తేల్చే మందుల మండలిలో ఎవరూ అనకూడదట. సరే అన్నాను.

కార్తీక అమావాస్య, మధ్యాహ్నం, పడవ వెళ్లాక

ఇవాళ మందుల పడవ వచ్చింది. మా కాలవ బురదతో పూడింది కాబట్టి పడవ పెద్ద పోటుకే వస్తుంది, అంటే అమావాస్యకీ పౌర్ణమికీ. ఆ రెండు రోజులూ ఇక్కడ నీళ్లు నిండేది పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు.

పడవ రోజు మాకు పండగలాంటిది. తెల్లవారుతూనే ఆటు, నీళ్లు తీసి ఉంటాయి కాబట్టి అప్పుడే నీళ్లలోకి దిగి నాచు మొలకలు తాళ్లకి కట్టి వచ్చేస్తాం. తర్వాత వేడినీళ్ల స్నానం, చేతులకి నూనె, పెట్టెలోంచి తీసిన చీర. అందరం పెళ్లికి పోతున్నట్టు వరసలో నిలబడతాం, జబ్బు చూపించుకోవడానికి.

పడవలో కబురు చూసే మనిషి పేరు హేమసుందరి. ఆరేళ్లుగా ఆమే వస్తోంది, మంచి మనిషే. మోచేతి లోపల బిళ్ల అంటించి పది లెక్కపెడుతుంది. అంతలో నెత్తురులో ఏ కబురు ఎంత తిరుగుతోందో ఆమె చేతిలో అద్దం మీద పడుతుంది.

కబురంటే ఏమిటో మా దిమ్మె మీద పిల్లలకి కూడా తెలుసు. ఒంట్లో కాపలా కణాలుంటాయి. దొంగ జొరబడితే ఒకదానికొకటి రండి రండి అని కబురు పంపుకుంటాయి. అవి మాటలు కావు, కంటికి ఆనని చిన్న పదార్థాలు. సుందరి వాటిని సైటోకైన్లు అంటుంది. వాటికి నంబర్లున్నాయి. నా కీళ్లలో దొంగ ఎవడూ లేడు, అయినా ఆరో నంబరు కబురు పోతూనే ఉంటుంది, కాపలా కణాలు వస్తూనే ఉంటాయి. వచ్చినవి ఊరికే తిరిగిపోవు. కీలు లోపలి మెత్తటి పొరని వాచేలా చేస్తాయి, ఎముకని కొరుకుతాయి. నా మందు ఆ కబురుని దారిలోనే పట్టుకుంటుంది. దాని పని అంతే. ఆ పనితోనే నేను పదేళ్లుగా తాళ్లు కడుతున్నాను.

ఈ ఏడు కొత్త నిబంధన వచ్చింది. మందు ఆపి మూడుసార్లు చూస్తారట. మూడుసార్లూ ఇరవై గీత కంటే కిందుంటే పేరు కొట్టేస్తారట. నాకు మందు ఆపి నెల దాటింది. ఇవాళ మొదటిసారి చూశారు. తొమ్మిది.

సుందరి ఆ అంకె చెప్పి, ఒంట్లో మంట లేదని, ఇప్పుడున్న నొప్పి పాత అరుగుదల అని, అరిగినదానికి ఈ మందు పనిచెయ్యదని మెల్లగా చెప్పింది. నేను ఊరుకోలేదు. మాకందరికీ తెలిసిన మాటే చెప్పాను.

"ఈ నొప్పి అమావాస్యకీ పౌర్ణమికీ ఎక్కువవుద్దమ్మా. నా ఒక్కదానికే కాదు, దిమ్మె మీద కీళ్లవాళ్లందరికీ అంతే."

"ఇవాళ అమావాస్యే కదండీ నాంచారమ్మగారూ," అంది సుందరి. "మరి తొమ్మిదే ఉంది."

నేను చెయ్యి వెనక్కి తీసుకుని వరసలోంచి బయటికి వచ్చాను. 

మార్గశిర శుద్ధ చవితి, తెల్లవారుజాము

ధనుంజయని ఈ వేళకి రమ్మన్నాను. ఇవాళ ఆటు ఆలస్యం, పొద్దు బారెడెక్కితే గానీ నీళ్లు దిగవు. ఇప్పుడు చెప్పడానికి తీరిక ఉంది.

మండలివారికి తెలియాల్సింది ఒకటుంది. దిమ్మె మీద గది నిలవాలంటే ఇంటికొక జత చేతులు నీళ్లలో ఉండాలి. మా ఇంటికి ఆ చేతులు నావి. అవి ఆగిపోతే మమ్మల్ని మెరక మీది శాలలకి పంపుతారు. తిండి పెడతారు, కాదనను. కానీ చూపు లేనివాళ్లది ఒక శాల, కీళ్లు లేనివాళ్లది వేరే శాల. మధ్యలో పూటన్నర ప్రయాణం. నేను మందు అడుగుతున్నది నొప్పికి కాదు. నొప్పి నాకు పాత చుట్టం. మేమిద్దరం ఒక గదిలో ఉండటానికి అడుగుతున్నాను.

మా తెల్లవారడం ఎలా ఉంటుందో చెబుతాను. నా చేతులు మూసుకోవు, మూసుకుంటే తెరుచుకోవు. పేరంటాలు లేచి నా రెండు చేతులూ తన ఒళ్లో పెట్టుకుని ఒక్కొక్క కణుపూ నిమురుతుంది. చీర ఆమే కడుతుంది. కొప్పూ ఆమే పెడుతుంది.

"కొప్పు వంకరగా ఉందే," అన్నాను ఇవాళ.

"పెట్టేది కళ్లు లేనిది, వంకలు పెట్టేది చేతులు లేనిది," అంది పేరంటాలు. "వంకరగా కాక ఎట్టా ఉంటదక్కా?"

జావ గ్లాసు రెండు అరచేతుల మధ్య ఇరికించుకుని తాగాను. వేలిముద్ర వెయ్యడానికి బొటనవేలు కాగితం మీద ఆనలేదు. ధనుంజయ పట్టుకుని అదమబోతే కసిరాను. ఎలా పడితే అలా పడింది.

మార్గశిర శుద్ధ అష్టమి, మధ్యాహ్నం, పని నుంచి వచ్చి

ఇవాళ ఏడు తాళ్లు కట్టాను. అమావాస్య నాడు కట్టినవి రెండు. మందు లేకుండా ఏడు తాళ్లా అని పక్క వరస ఆడవాళ్లు ముఖాలు చూసుకున్నారు. ఒకామె నాకు వినపడేలాగే, పడవ వస్తే మూలిగి, పడవ పోతే కట్టేవాళ్లు కూడా ఉంటారంది. నా చేతిలోని మొలకల బుట్ట ఆమె కాళ్ల దగ్గర బోర్లించాను. ఆమె ఏరి ఇచ్చేదాకా కదలలేదు. ఏరి ఇచ్చింది.

కానీ గదికి వచ్చాక నాకూ అనుమానం పట్టింది. అమావాస్యకి రెండేమిటి, అష్టమికి ఏడేమిటి? చంద్రుడే కారణమైతే సుందరి అద్దం ఎందుకు ఒప్పుకోలేదు?

మార్గశిర పౌర్ణమి, మధ్యాహ్నం, పడవ వెళ్లాక

రెండోసారి. పన్నెండు.

పొద్దున ఒక్క తాడు కట్టేసరికి ఏడుపొచ్చింది, ఇది రాయి ధనుంజయా. స్నానం చేసి, నూనె రాయించుకుని, నీలం చీర కట్టుకుని వెళ్లాను. సుందరి నా వేళ్లు వంచి చూసింది. వంగాయి. నాకే సిగ్గేసింది, అబద్ధం ఆడినట్టు.

పడవ నడిపే బాలయేసు మూటలు దించుతూ, పెద్దమ్మా మొహం కళగా ఉంది అన్నాడు. మంచికే అన్నాడు పాపం.

ఈ ఏడు నాలుగో దిమ్మెలో నలుగురి పేర్లు, ఐదో దిమ్మెలో ఏడుగురి పేర్లు కొట్టేశారని సుందరే చెప్పింది. ఆ నలుగురూ నాకు తెలుసు. ఇద్దరు ఇప్పటికే మెరకకి వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు వాళ్లూ మంచి చీరలే కట్టుకున్నారు.

మార్గశిర బహుళ తదియ, తెల్లవారుజాము

ఈ మాట నాది కాదు, పేరంటాలుది. ఆమె పేరుతోనే రాయమన్నాను.

ఇందాక నా చేతులు ఒళ్లో పెట్టుకుని నిమురుతూ, నువ్వు చంద్రుణ్ణి ఊరికే ఆడిపోసుకుంటున్నావంది. ఎందుకన్నాను.

"నేను రోజూ పట్టుకుంటున్నానక్కా. అమావాస్యయినా అష్టమయినా ఈ వేళకి నీ కణుపులు పొయ్యి మీంచి దించినట్టే ఉంటాయి. మధ్యాహ్నం నువ్వు అన్నం కలిపిపెడతావు చూడు, అప్పుడు నీ వేలు తగిలితే మామూలుగా ఉంటది. ఏ రోజయినా అంతే."

 నా చేతుల్ని నేను రోజూ చూస్తున్నాను. చూపు లేనిది కనిపెట్టింది.

ధనుంజయని హాజరు పుస్తకం తెమ్మన్నాను. నెల రోజుల తాళ్లు చదివించాను. పోటు రోజుకి రెండు ఘడియలు వెనక్కి జరుగుతుంది, మా పనీ దాంతోపాటే జరుగుతుంది. అమావాస్యకీ పౌర్ణమికీ ఆటు తెల్లవారుజామున, అందుకని ఆ రోజుల్లో తెల్లవారుజామునే నీళ్లలో ఉంటాం. ఒకటీ రెండూ తాళ్లు. అష్టమికి ఆటు మధ్యాహ్నం, పనీ మధ్యాహ్నమే. ఆరూ ఏడూ తాళ్లు. తిథితో పనే లేదు, అంతా వేళలో ఉంది. నీళ్లని నమ్మి బతికేవాళ్లం కాబట్టి అన్నిటికీ చంద్రుడే కారణం అనుకున్నాం. మా అమ్మ అనుకుంది, నేను అనుకున్నాను, దిమ్మె మొత్తం అనుకుంది.

ఇప్పుడు మండలివారు ఒక్క సంగతి చూడాలి. నా కీళ్లలో కబురు ఎక్కువయ్యేది రోజూ తెల్లవారుజామున. మీ పడవ వచ్చేది ఎప్పుడూ మధ్యాహ్నం. మూడుసార్లు కాదు, మూడు వందల సార్లు చూసినా ఆ పడవ ఆ కబురుని అందుకోలేదు.

వేలిముద్ర వేశాను. వంకరగా పడింది. ఉండనీ అన్నాను.

మార్గశిర బహుళ అష్టమి, తెల్లవారుజాము

సుందరికి కబురు పెట్టించాను, దిమ్మె మీది మాటలపెట్టెలో. ఒక తెల్లవారుజామున నన్ను చూడమని అడిగాను. జవాబు వచ్చింది. ధనుంజయ చదివి వినిపించాడు. కబుర్లకి వేళలున్న మాట నిజమేనని, తాను చదువుకున్న రోజుల్లో విన్నదేనని రాసింది. కానీ అంకె రాసే గడిలో పడవ లంగరేసిన వేళకి చూసిందే రాయాలట, వేరే వేళ రాస్తే గడి ఒప్పుకోదట. అష్టమి రోజుల్లో పోటు తెల్లవారుజామునే వస్తుంది గానీ ఆ నీళ్లకి పడవ తేలదట. అది నాకు సుందరి చెప్పాలా?

అంటే పడవకి నీళ్లున్నప్పుడు నా కబురు ఉండదు, నా కబురు ఉన్నప్పుడు పడవకి నీళ్లుండవు. ఇందులో ఎవరి తప్పూ లేదని ధనుంజయ అన్నాడు. ఎవరి తప్పూ లేకుండా పదకొండు పేర్లు పోయాయి నాయనా అన్నాను.

అలిసిపోయాను. ఇంకో వారం కొప్పు పెట్టించుకుని, జావ తాగి, నోరు మూసుకుని మెరకకి పోవడం తేలిక. పేరంటాలు రాత్రి తన రెండో చీర మడిచి విడిగా పెట్టుకుంది. నేను చూశాను. చూడలేదనుకుంది.

మార్గశిర అమావాస్య, మధ్యాహ్నం, పడవ బల్ల మీద

ఇది బల్ల మీద కూర్చునే చెబుతున్నాను. ధనుంజయ దిమ్మె అంచున కూర్చుని రాస్తున్నాడు.

మూడోసారి పదకొండు. సుందరి అద్దం వైపే చూస్తూ, నన్ను చూడకుండా, పేరు కొట్టేయక తప్పదంది. సరేనన్నాను. వరసలో అందరూ అయ్యేదాకా ఆగాను. తర్వాత పడవకీ దిమ్మెకీ మధ్య వేసిన బల్ల మీదికి నడిచి, నడిమధ్యలో కూర్చున్నాను. బల్ల తియ్యకుండా పడవ కదలదు.

కూర్చోవడం నా ఇష్టం. లేవకపోవడం నా మోకాళ్ల ఇష్టం. కింద కూర్చుంటే ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేను, అది అందరికీ తెలుసు.

బాలయేసు వచ్చి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"పెద్దమ్మా, నీళ్లు తీస్తన్నాయి. ఇంకో గంట దాటితే పడవ బురదలో కూర్చుంటది."

"కూర్చోనీ. నేనూ కూర్చున్నాగా."

"రాత్రి పోటు ఈ నెలలో కురచ. పడవని లేపదు. రేపు మధ్యాహ్నందాకా ఇక్కడే పడుండాలి."

"ఆ లెక్క వేసుకునే కూర్చున్నానయ్యా."

అతను నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నాడు. సుందరికి నవ్వు రాలేదు. ఐదో దిమ్మెలో తన కోసం కాచుకున్నవాళ్లున్నారని, వాళ్లకి ఇవాళ మందు అందాలని అంది. అది నిజం. వాళ్లని ఒకరోజు నొప్పిలో ఉంచింది నేనే. అది తప్పు. రాయి అన్నాను. అది రాస్తే మీ అర్జీకే దెబ్బ అత్తా అన్నాడు ధనుంజయ. రాయి అన్నాను.

ఇక్కణ్ణుంచి గదికి వచ్చాక చెప్పింది. ఎవరూ నన్ను ముట్టుకోలేదు. నీళ్లు దిగిపోయాయి. పడవ అడుగు బురదకి తగిలిన చప్పుడు విన్నాక, లేపండి అన్నాను. బాలయేసూ ధనుంజయా లేపారు. సుందరిని మా గదిలో పడుకోమన్నాను. వస్తుందనుకోలేదు, వచ్చింది.

పుష్య శుద్ధ పాడ్యమి, తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా

తెల్లవారేసరికి పేరంటాలు ఎప్పటిలాగే నా చేతులు ఒళ్లో పెట్టుకుంది. సుందరిని పిలిచి, ఆమె చెయ్యి పట్టుకుని నా కణుపుల మీద పెట్టింది. సుందరి చెయ్యి ఉలిక్కిపడింది. ఆరేళ్లుగా నా చేతులు పట్టుకుంటున్న మనిషి, ఈ వేళకి ఎన్నడూ పట్టుకోలేదు.

బిళ్ల అంటించి పది లెక్కపెట్టింది. అద్దం చూసింది. ఆ బిళ్ల తీసేసి కొత్తది అంటించి మళ్లీ లెక్కపెట్టింది.

అరవై మూడు.

 పేరంటాలు ఎంత అని అడిగింది. సుందరి చెప్పింది. గీత ఎంత అని మళ్లీ అడిగింది, ఆమెకి తెలిసినా. ఇరవై అని సుందరి చెప్పింది. పేరంటాలు నా చీర కుచ్చిళ్లు పెట్టడం మొదలుపెట్టింది.

ఈ అంకె గడిలో రాస్తావా అన్నాను. సుందరి ప్రయత్నించింది. గడి ఎర్రబడి వేళ కాదంది. మూడుసార్లు ఎర్రబడింది. ఆమె అద్దం పక్కన పెట్టేసింది.

"నా చేతిలో లేదు నాంచారమ్మగారూ."

"నీ చేతిలో లేదని తెలుసు. నీ కంట్లో పడింది కదా. అది చాలు."

ధనుంజయ ఇంతవరకూ రాసిన కాగితాలన్నీ నా ముందు పరిచాడు, సరిచూసుకోమని. అక్షరాలు నాకు చీమల బారు. అవి ఏం చెబుతున్నాయో అతని నోటి మీద నమ్మకం. కానీ కింద వేసిన వేలిముద్రలు నా సొంతం. అవి మాత్రం నాకు చదవడం వచ్చు.

చదివాను. అమావాస్య మధ్యాహ్నం వేసిన ముద్ర శుభ్రంగా ఉంది, గీతలు లెక్కపెట్టొచ్చు. అష్టమి మధ్యాహ్నం, పౌర్ణమి మధ్యాహ్నం, నిన్న మధ్యాహ్నం, అన్నీ అలాగే ఉన్నాయి. చవితి తెల్లవారుజామున వేసింది ఒక మచ్చ. కొస లేదు, పక్కకి పాకిపోయింది, వేలు ఆనలేదు కాబట్టి. తదియది అదే మచ్చ. రెండో అష్టమిది అదే మచ్చ. ఒక అష్టమికి మంచి ముద్ర, ఇంకో అష్టమికి మచ్చ. తిథి ఒకటే, వేళ వేరు.

సుందరిని పిలిచి చూపించాను. ఆమె ఒక్కొక్క కాగితం ఎత్తి పైన రాసిన వేళ చదివింది, కింద ముద్ర చూసింది. చివరిదాకా చూసి మళ్లీ మొదటినుంచి చూసింది.

మండలివారికి నా మనవి ఇది. నా ఒక్క పేరే కాదు, పదకొండు పేర్లూ మధ్యాహ్నం చూసి కొట్టేసినవే. వాళ్లందరినీ తెల్లవారుజామున చూడండి. పడవ రాలేకపోతే ఆ అద్దం పట్టుకున్న మనిషిని ఒక పూట దిమ్మె మీద ఉంచండి. మా గదిలో చాప ఉంది. మెరకకి వెళ్లిపోయిన ఇద్దరినీ వెనక్కి పిలవండి.

అంతదాకా నా చేతులు ఎన్నాళ్లు పనిచేస్తాయో చెప్పలేను. పేరంటాలు మడిచిపెట్టిన చీర నేను తీసి మళ్లీ దండెం మీద వేశాను.

ఈ కింద రెండు ముద్రలున్నాయి. రెండూ నావే, రెండూ ఒకే బొటనవేలివి, రెండూ ఇవాళ్టివే. మొదటిది సుందరి అరవై మూడు చూసినప్పుడు వేసింది. రెండోది మధ్యాహ్నం పోటు వచ్చి పడవ లేస్తున్నప్పుడు వేసింది. నన్ను పరీక్షించడానికి మీలో ఎవరైనా వస్తే, మొదటి ముద్ర వేళకి రండి.

మోకా నాంచారమ్మ వేలిముద్ర, తెల్లవారుజాము

మోకా నాంచారమ్మ వేలిముద్ర, మధ్యాహ్నం

సాక్షులు:

మోకా పేరంటాలు, తోడికోడలు, వేలిముద్ర. ఆమె కళ్లతో చూడలేదు, చేత్తో చూసింది.

కొల్లాటి బాలయేసు, పడవ సరంగు, సంతకం.

హేమసుందరి, సంతకం. లంగరు తీశాక బల్ల మీదుగా వెనక్కి వచ్చి పెట్టింది. హోదా రాయమంటారా అని ధనుంజయ అడిగితే, పేరు చాలంది.

రాసినది: ఓడుగు ధనుంజయ, నాలుగో దిమ్మె.